ఫోన్‌లో వచ్చిన వారంటు

జూన్ 9, సోమవారం

ఎవరికీ చెప్పొద్దన్నాడు. రాసుకోవద్దని మాత్రం అనలేదు. ఎక్కడో ఒకచోట కక్కకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

పొద్దున బజారు నుంచి వచ్చి, ఆవిరి కుండ కడిగి బోర్లించాను. చేతులు తుడుచుకోనైనా లేదు, ఫోన్ మోగింది. మొదట ఎవరో ఆడపిల్ల. వచ్చే నెల వార్డులు కలిపేస్తున్నారు, మీ గుర్తింపు కార్డులో చిరునామా మార్చాలి అంది. బజార్లో అందరూ అనుకుంటున్నదే కదా, సరే అన్నాను. అంతలో ఆ పిల్ల, "అయ్యో, మీ కార్డు మీద ఏదో కేసుందండీ, ప్రావిన్స్ పోలీసులకి కలుపుతున్నా" అంటూ ఇంకొకరికి ఇచ్చింది.

మేజర్ ఖాంగ్ అట. గొంతు మెత్తగా ఉంది. "ఫుంగ్ థి న్యాన్ గారు మీరేనా అమ్మా?" అన్నాడు. నా పుట్టినరోజు, కార్డు నంబరు, పోయిన మా ఆయన పేరు, అన్నీ గడగడా చదివాడు. నా కార్డుతో ఎవరో రాజధానిలో బ్యాంకు ఖాతా తెరిచారట. అందులో మత్తుమందుల డబ్బు తిరిగిందట. పట్టుబడ్డవాడొకడు నేను కూడా ముఠాలో మనిషినేనని చెప్పాడట. నేను! బజార్లో బియ్యప్పిండి చుట్టలు అమ్ముకునే న్యాన్! నవ్వొచ్చింది కూడా. ఆ నవ్వు మధ్యలోనే ఫోన్‌లోకి కాగితం ఫోటో వచ్చి పడింది. కింద గుండ్రంగా ఎర్రముద్ర, దాని మీద సంతకం, మధ్యలో నా మొహం. అరెస్టు వారంటు.

కళ్లజోడు పెట్టుకుని చూశాను. నేనే. కార్డు కోసం ఫోటో తీసేటప్పుడు కళ్లు ఆర్పొద్దని ఆ కుర్రాడు కసిరితే గుడ్లు మిటకరించానే, ఆ ఫోటోనే. అచ్చం దొంగమొహంలాగే ఉంది. నేల మీద కూలబడ్డాను.

"మీరు చేయలేదని నాకు తెలుసమ్మా. కానీ రుజువు కావాలి కదా" అన్నాడు. డిపాజిట్ పుస్తకంలో ఉన్నదంతా తీసి పోలీసుల పరీక్ష ఖాతాలో వెయ్యాలట. మూడు రోజులు చూసి, అది శుభ్రమైన డబ్బేనని తేలితే తిరిగి వేసేస్తారట. అప్పటిదాకా కూతురికి కూడా చెప్పకూడదు. చెబితే అదో నేరం, దానికింకో కేసు.

పుస్తకంలో ఉన్నది మా ఆయన డబ్బు. ఈ చలికాలానికి ఆయన పోయి మూడేళ్లు నిండుతాయి. అప్పుడు మా ఆచారం ప్రకారం తవ్వి తీసి, ఎముకలు కడిగి, ఎత్తైన చోట రాతి గూట్లో పడుకోబెట్టాలి. ఇప్పుడున్న చోట గట్టిగా వాన పడితే పొలం నీళ్లు వచ్చేస్తాయి. ఆయనకి తడి పడదు. బతికుండగా పాదాలు తడిస్తే చాలు, రాత్రికి తుమ్ములు.

మూడు రోజులే కదా. మూడు రోజుల్లో వచ్చేస్తుంది.

జూన్ 10

పిండి పలచనైంది. చుట్టల పొరలన్నీ చిరిగాయి. "ఏంటి వదినా, ఇవాళ చిరిగిన చొక్కాలు అమ్ముతున్నావా?" అని లూయెన్ పెద్దగా అరిచింది. నలుగురూ నవ్వారు.

బజార్లో నా పక్క బల్ల తనదే, టోఫు అమ్ముతుంది. వీధిలోనూ పక్కిల్లే. తన నోట్లో నువ్వుగింజ నానదు, అందుకని అటుతిప్పి ఇటుతిప్పి అడిగాను. మూడేళ్ల కిందట వాళ్ల అల్లుడు కోడిపందేల కేసులో దొరికాడు. ఆ రోజు ఇద్దరు పోలీసులు వచ్చారు, వార్డు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు, ఇరుగుపొరుగు సాక్షి కావాలంటే నన్ను పిలిచారు. కాగితం పైకి చదివి వినిపించారు. వీధి వీధంతా వాళ్ల గేటు ముందే ఉంది. నాకన్నీ గుర్తే. అయినా అడిగాను.

"మీ అల్లుడికి ముందుగా ఫోన్‌లో ఏమైనా కాగితం పంపారటే?"

టోఫు కోస్తున్న కత్తి ఆగిపోయింది. "ఎందుకడుగుతున్నావ్?"

"ఊరికే."

"ఊరికే అడిగే మాటా అది? పొద్దున్నే నేనే దొరికానా నీకు?" అని కసిరింది. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా నా వైపు చూడలేదు. మాడిపోయింది మొహం. అల్లుడి మాటెత్తితే ఏ అత్తకైనా అంతే. నాదే బుద్ధి తక్కువ.

జూన్ 11

మేజర్ గారు పొద్దున చేశారు, బజారు నుంచి రాగానే చేశారు, అన్నం ముందు కూర్చుంటే చేశారు. వీడియోలో కనిపించారు కూడా. యూనిఫాం, వెనక జెండా. మా అమ్మాయి డియెప్ కంటే చిన్నవాడిలా ఉన్నాడు. "భోంచేశారా అమ్మా?" అని అడిగాడు. తిన్నానని చెప్పాను. తినలేదు.

రాత్రంతా పోగేసుకున్న ప్రశ్నలన్నీ అడిగాను. పోలీసులు నా డిపాజిట్ పుస్తకం అడగొచ్చా? అడగొచ్చట. బ్యాంకువాళ్లకి నిజం చెప్పొచ్చా? చెప్పకూడదట, బ్యాంకులోనే ముఠావాళ్లున్నారట, ఇల్లు బాగుచేయించడానికి అని చెప్పాలట. వారంటు ఫోన్‌లో వస్తుందా? ఇప్పుడన్నీ ఫోన్‌లోనేనట.

"మా వీధిలో ఒకసారి ఇంటికి తెచ్చి చదివారు బాబూ, సాక్షుల ముందు" అన్నాను.

 ఇంకా మెత్తగా అన్నాడు. "మీకూ అలాగే కావాలా అమ్మా? చెప్పండి, ఇప్పుడే జీపు పంపిస్తాను. వార్డువాళ్లు, సాక్షులు, అందరూ వస్తారు. చేతులకి సంకెళ్లు వేసి మీ వీధిలో నడిపించుకొస్తారు. మీ వయసు చూసి నేనే వద్దని ఆపాను."

"వద్దు బాబూ, నీకు దండం పెడతాను" అన్నాను.

మంచివాడు. పరువు కాపాడుతున్నాడు. వేరే ఎవరైనా అయితే ఈపాటికి జీపు వచ్చేసేది. ఎంత మంచివాడు.

వారంటు ఫోన్‌లో వస్తుందా?

జూన్ 12

నాకేం భయం లేదు. తప్పు చేయనిదాన్ని, నాకెందుకు భయం. ఆ ఫోటో మళ్లీ తీసి చూశాను. ముద్ర ఎర్రగానే ఉంది.

సాయంత్రం డియెప్ ఫ్యాక్టరీ షిఫ్టుకి వెళ్తూ ఫోన్ చేసింది.

"గొంతేంటమ్మా అలా ఉంది?"

"జలుబు."

"ఈ ఎండల్లో జలుబేంటి?"

"ఎండల్లో జలుబు చేయకూడదని చట్టముందా?" అని ఎగిరిపడ్డాను. చట్టం అన్న మాట నోట్లోంచి వచ్చాక నాలుక కరుచుకున్నాను. పిల్ల నొచ్చుకుని పెట్టేసింది. కన్నకూతురితో అబద్ధాలు. ఛీ, ఏం బతుకు.

రేపు బ్యాంకు.

జూన్ 13, శుక్రవారం

డబ్బు చేతికి రాలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

బ్యాంకులో ఆ చివరి కిటికీ దగ్గర ఉయెన్ అనే పిల్ల ఉంటుంది. మా బజారు వెనక సందులో ఇల్లు. వారానికి రెండు రోజులు నా దగ్గరే టిఫిన్. పుస్తకం ఇచ్చి, మొత్తం తీసేయాలి అన్నాను. గడువు ఇంకా ఐదు నెలలుంది, ఇప్పుడు తీస్తే వడ్డీ పోతుంది పెద్దమ్మా అంది. పోతే పోనీ అన్నాను. ఎందుకింత అర్జంటు అంది.

ఇల్లు బాగుచేయించడానికని చెప్పమన్నారు మేజర్ గారు. కానీ ఈ పిల్ల రోజూ మా వీధిలోంచే వస్తుంది, ఒక్క ఇటుక కూడా కనిపించకపోతే ఏమనుకుంటుంది? అందుకని నా తెలివి ఉపయోగించాను. "మా ఆయన సమాధి మార్చాలి" అన్నాను. అలాంటి మాటకి ఎవరూ ఎదురు అడగరు కదా. చచ్చినవాళ్ల సంగతి.

ఉయెన్ తలెత్తింది. "చాంద్రమానం ఐదో నెల్లోనా పెద్దమ్మా?"

 ఇంత ఎండలో సమాధి ఎవడు తవ్వుతాడు! చలి ముదిరాకే కదా ఎవరైనా మార్చేది. ఆ సంగతి నాకు తెలియదా? మా అత్తగారిని మార్చింది నేనే, మా మామగారిని మార్చింది నేనే. అలాంటిదాన్ని, భయంలో నెల మర్చిపోయాను.

"పంతులు ముహూర్తం పెట్టాడు" అన్నాను.

"ఏ పంతులు పెట్టాడు పెద్దమ్మా? మా నాయనమ్మని పోయినేడు పదకొండో నెల్లో మార్చాం, చలికి పళ్లు టకటకలాడాయి. అయినా పెదనాన్న పోయి మూడేళ్లు కాలేదు కదా? ఆయన పోయినప్పుడు మా అమ్మ వచ్చింది కదా మీ ఇంటికి."

"నా మొగుడు, నా సమాధి, నా డబ్బు. నీకెందుకే?" అని అరిచాను. గార్డు కూడా ఇటు తిరిగాడు. "నా డబ్బు నాకివ్వకుండా ఆపే హక్కు నీకుందా?"

"లేదు పెద్దమ్మా" అంది. కళ్లలో నీళ్లొచ్చాయి దానికి. "మీ డబ్బు మీదే. అంత నగదు ఇవాళ లేదు. సోమవారం రండి, ఇస్తాను."

సాయంత్రం

అన్నం వారుస్తున్నాను, గేటు దగ్గర మోటర్‌సైకిల్ ఆగింది. తోవాన్, మా వార్డు పోలీసు. యూనిఫాంలో ఉన్నాడు. చేతిలో గంటె జారిపోయింది. అప్పుడే ఫోన్ కూడా మోగింది. మేజర్ గారు. వార్డు పోలీసు వచ్చాడని చెబుతూ, చెవి దగ్గర పెట్టుకునే గేటు దాకా వెళ్లాను.

"తలుపు తీయకండి. వాడు ఆ ముఠావాడే. వార్డు నుంచే రహస్యాలు బయటికి పోతున్నాయి" అన్నారు మేజర్ గారు చెవిలో.

"పెద్దమ్మా, బాగున్నావా? బ్యాంకు నుంచి ఉయెన్ ఫోన్ చేసింది" అన్నాడు తోవాన్ ఊచల అవతల నుంచి.

ఉయెన్ కూడా ముఠాయే అన్నమాట. నా చేతి చుట్టలు తిని పెరిగిన పిల్ల.

"కాగితం ఉందా?" అన్నాను.

"ఏం కాగితం?"

"నా ఇంట్లోకి రావడానికి వారంటు. ఉందా, లేదా?"

వెర్రిమొహం వేశాడు. "లేదు పెద్దమ్మా. నేను లోపలికి రాను. ఒక్క మాట చెప్పి పోతాను. ఫోన్‌లో అరెస్టు చేసే పోలీసులు ఎక్కడా ఉండరు. నీ డబ్బు తీసి వెయ్యమని అడిగే హక్కు మాలో ఎవరికీ లేదు. నిన్నెవరైనా అలా..."

"కాగితం లేకపోతే పో."

"పోతాను. నీ డబ్బు నువ్వు తీసుకుంటే ఆపే అధికారం నాకు లేదు. అదే నా బాధ" అన్నాడు. ఒక చీటీ మీద నంబరు రాసి గేటు కిందనుంచి తోశాడు. వెళ్లిపోయాడు. అప్పటికే పక్క గేట్లలో తలకాయలు మొలిచాయి. లూయెన్ కూడా నిలబడి చూస్తోంది. ఎప్పుడూ ఏమైంది ఏమైందని పరిగెత్తుకొచ్చేది, ఇవాళ చటుక్కున లోపలికి పోయి తలుపేసుకుంది. భయపడిందేమో, నాతో మాట్లాడితే తనకీ చుట్టుకుంటుందని.

ఫోన్‌లో ఉన్నాయన దగ్గర కాగితముంది, మనిషి కనిపించడు. గేటు దగ్గరికి వచ్చినవాడు ఎదురుగా ఉన్నాడు, కాగితం లేదు. నేను కాగితాన్నే నమ్మాను. చదువుకున్నవాళ్లయినా అంతే చేస్తారు.

జూన్ 14

బజారుకి పోలేదు. గేటుకి లోపల తాళం. మేజర్ గారు గంటగంటకీ. సోమవారం తప్పితే జీపేనట. తప్పను అన్నాను.

జూన్ 15, ఆదివారం

పొద్దున్నే సైకిల్ మీద పొలాల వైపు వెళ్లాను. మేజర్ గారికి చెప్పలేదు. మొగుడి దగ్గరికి పోవడానికి కూడా పర్మిషన్ అడగాలా?

నిన్నటి వానకి నీళ్లు వచ్చేశాయి. మట్టి దిబ్బ చుట్టూ చీలమండల దాకా. నీళ్లలో నిలబడే అగరుబత్తులు వెలిగించాను. "ఇదిగో, నీ డబ్బు మూడు రోజులు తీసుకుంటున్నా. ఇచ్చేస్తా" అని చెప్పాను. చెబుతుంటేనే నా మాట నాకు నచ్చలేదు. పెళ్లైన కొత్తలో ఆయన తాగుడికి డబ్బు అడిగేటప్పుడు అచ్చం ఈ మాటే అనేవాడు.

గడ్డి పీకుతూ ఆలోచించాను. దేనికి ఇస్తున్నాను నేను ఈ డబ్బు? తప్పు చేశానా, లేదు. జైలంటే భయమా? భయమే, కానీ అంత కాదు. ఆ వీధిలో నడిపిస్తారే, అదీ భయం. లూయెన్ గేటు ముందు మేమంతా నిలబడినట్టు నా గేటు ముందు అందరూ నిలబడతారు. అది తప్పించుకోవడానికి ఇస్తున్నాను. పరువు నాది, డబ్బు ఆయనది. నా పరువు కోసం ఆయన్ని ఇంకో ఏడు నీళ్లలో పడుకోబెట్టనా? డబ్బు తిరిగొస్తుందంటున్నారు, సరే. ఏ కారణం చేతైనా ఆలస్యమైతే? చలికాలం దాటిపోతే? ఎముకలకి మాట్లాడటం రాదు కాబట్టి సరిపోయింది.

కోపం వచ్చింది. మేజర్ గారి మీద కాదు, ఆయన తన డ్యూటీ చేస్తున్నాడు. నా మీదే వచ్చింది. మోకాళ్ల దాకా బురదతో ఇంటికొచ్చాను.

అరెస్టు చేస్తే చేసుకోనీ.

జూన్ 16, సోమవారం

పొద్దున్నే తలంటుకున్నాను. పెళ్లిళ్లకి వేసుకునే పట్టు చొక్కా వేసుకున్నాను. సంచిలో రెండు జతల బట్టలు, పళ్లబ్రష్షు, నొప్పుల మందు డబ్బా సర్దాను. వరండాలో బల్లలు వేసి, టీ పెట్టి, గుమ్మడి గింజలు పళ్లెంలో పోశాను. అప్పుడు లూయెన్ తలుపు కొట్టాను.

"ఏమే, ఇవాళ నన్ను అరెస్టు చేస్తారు. మత్తుమందుల కేసు. సాక్షులు కావాలి, రా."

కాళ్ల కింద భూమి కదిలినట్టు చూసింది.  చెప్పులేసుకుని వెనకే వచ్చింది.

తర్వాత మా వీధి పెద్ద ఖ్యెమ్ గారింటికి పోయి అదే మాట చెప్పాను. "పొద్దున్నే తాగావా న్యాన్?" అన్నారాయన. తాగలేదని ఊపిరి వదిలి చూపించాను. ఇంకేం, పది నిమిషాల్లో మా వరండా నిండిపోయింది. నన్ను అరెస్టు చేస్తారంటే ఎవరు ఇంట్లో కూర్చుంటారు!

ఎనిమిది కాగానే ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాను. ఖ్యెమ్ గారు ఫోన్ పట్టుకున్నారు.

"అమ్మా, బ్యాంకుకి బయల్దేరారా?"

"లేదు బాబూ. నేను డబ్బు తియ్యను. అది మా ఆయనది. నువ్వు జీపు పంపించు. సాక్షులు రెడీగా ఉన్నారు. టీ కూడా పెట్టాను, మీ వాళ్లెంతమంది వస్తారో చెబితే ఇంకో కెటిల్ పెడతాను."



"ఎవరున్నారక్కడ?" అన్నాడు. గొంతులో మెత్తదనం పోయింది.

"వీధి అంతా ఉంది బాబూ. కాగితం పైకి చదవాలి కదా, అందరికీ వినపడాలని పిలిచాను."

అప్పుడు తిట్టాడు. ఇక్కడ రాయలేను, చేతికి సిగ్గు. మా అమ్మని కూడా కలిపి తిట్టాడు. టప్పున పెట్టేశాడు.

"మేజర్ గారు టీ తాగకుండానే పోయారే!" అన్నారు ఖ్యెమ్ గారు. వరండా గొల్లుమంది.

నేను నవ్వలేదు. "కోపంలో ఉన్నారు. వస్తారు. కూర్చోండి" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. "పోలీసులు అలా తిట్టరు న్యాన్" అని ఒకరంటే, "ఎందుకు తిట్టరు, బాగానే తిడతారు, దాన్నిబట్టి చెప్పలేం" అని ఇంకొకరు. అందరూ గింజలు కొరుకుతూ జీపు కోసం చూశారు. మోటర్‌సైకిల్ వచ్చింది. తోవాన్, ఖ్యెమ్ గారే పిలిచారట. నేను లేచి, సంచి భుజాన వేసుకుని, రెండు చేతులూ ముందుకు చాచాను.

"చేతులు దించు పెద్దమ్మా" అన్నాడు తోవాన్. "నీ మీద ఏ కేసూ లేదు. పొద్దున ఆఫీసులో మళ్లీ చూసి వచ్చాను. నీ డబ్బు బ్యాంకులోనే ఉంది."

అప్పుడొచ్చింది ఏడుపు. అంతమంది ముందు భోరుమని ఏడ్చాను. వారం రోజులుగా ఒక్క చుక్క రాలేదు, అదంతా అప్పుడే వచ్చింది. ఎవరో వీపు నిమిరారు. తోవాన్ టీ తాగాడు, ఉయెన్‌కి ఫోన్ చేసి నాచేత మాట్లాడించాడు. అది అటు ఏడ్చింది, నేను ఇటు ఏడ్చాను.

అందరూ బజారుకి, పనులకి వెళ్లిపోయారు. లూయెన్ మాత్రం కదలలేదు. పోసిన టీ పోసినట్టే ఉంది తన ముందు. గింజలు గుప్పిట్లో అలాగే ఉన్నాయి.

"నీకేమైందే? అరెస్టు అవ్వాల్సింది నేను కదా" అన్నాను.

"ఆ గొంతు నాకు తెలుసు వదినా" అంది.

నాకు మొదట అర్థం కాలేదు.

"నాకు మేజర్ ఖాంగ్ అని చెప్పలేదు. మేజర్ దాంగ్ అన్నాడు. గొంతు అదే. భోంచేశారా అమ్మా అని అడిగేవాడు." నేల వైపే చూస్తూ చెప్పింది. "నెల దాటింది. పందులు అమ్మిన డబ్బు, పిల్ల కాన్పుకి దాచింది, మొత్తం."

 పక్క బల్ల, పక్క గోడ, నెల రోజులు. చిరిగిన చొక్కాలంటూ నన్ను వెక్కిరించి అందరినీ నవ్వించింది కూడా.

"నీకు తెలుసు కదే, వారంటు ఎలా తెస్తారో! మీ ఇంటికే తెచ్చారు కదా!"

"తెలుసు కనకే ఇచ్చాను. ఆ రోజు మీరంతా మా గేటు ముందు నిలబడ్డారు చూడు, అది మళ్లీ చూడలేననుకున్నాను. ఇంకేం ఆలోచించలేదు."

నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. భుజం పట్టుకుని ఊపేశాను. "గోడకి ఇవతలే ఉన్నాను కదే నేను! ఒక్క మాట, ఒక్క మాట నాకు చెప్పకూడదా?"

అప్పుడు తలెత్తి చూసింది. కోపంగా కూడా లేదు.

"నీకా?" అంది. "నీకు చెబితే తెల్లారేసరికి చుట్టలతో పాటు పళ్లెంలో పెట్టి అమ్మేదానివి."

కాదు అనబోయాను. 

నిజమే. అమ్మేదాన్నే.